గోడ కింది పొన్నగంటి

మేడ్చల్ అంగట్లో పొన్నగంటి కట్టను చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఐలమ్మ దాన్ని చచ్చిన ఎలుకను విసిరినట్టు మళ్ళీ గోనెపట్టా మీదికి విసిరింది.

"ఇది కూరనా? అంతా మందు కంపు గొడ్తాంది. గీదాన్ని పైసలు వెట్టి కొనుక్కపోయి తినేటోళ్ళు ఎవలుంటరయ్యా?"

"కొంటె కొను పెద్దమ్మా, లేకుంటె జరుగు. పొద్దుగాల పొద్దుగాల నా బోణి ఖరాబు జెయ్యకు," అన్నాడు అమ్మేవాడు.

ఐలమ్మకు కొనే ఉద్దేశం ఎలాగూ లేదు. ఉల్లిగడ్డలకో ఎండుమిరపకాయలకో అంగడికి వచ్చినప్పుడల్లా ఆకుకూరల వాళ్ళ దగ్గర ఆగి, నాలుగు కట్టలు వాసన చూసి, మొహం చిట్లించి, నాలుగు మాటలని పోతే తప్ప ఆమెకు అంగడికి పోయినట్టుండదు. కొన్న కూర తినడమంటే ఎవడో నమిలి ఇచ్చింది తినడమే ఆమె లెక్కలో. ఎవడు కోశాడో, ఏ చేత్తో కోశాడో, ఏ గుంటలో ముంచి నిగనిగలాడించాడో!

రోతలో ఆ మనిషిని మించినవాళ్ళు ఊళ్ళో లేరు. ఒకరింట్లో మంచినీళ్ళిస్తే గ్లాసు అడుగు చూడకుండా తాగదు. పెళ్ళికి పోతే అక్షింతలు వేసి, వడ్డించే కుర్రాళ్ళ గోళ్ళు చూసి, ఆకలితోనే ఇంటికొస్తుంది. చుట్టాలు కాళ్ళు సరిగా కడుక్కోలేదని, వాళ్ళు వీధి మలుపు తిరగకముందే గచ్చంతా ఫినాయిల్ పోసి కడిగిన ఘనత ఆమెది. ఆ సంగతి చుట్టాలకు తెలిసింది, మళ్ళీ రాలేదు. అందుకు ఐలమ్మ బాధపడిందీ లేదు.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే తోవలో రోడ్డు దిగి లోపలికి పోతే ఆమె ఊరు. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు బాలేష్ ప్లంబర్. యాప్రాల్‌లో, కౌకూర్‌లో కట్టే ఇళ్ళకు పైపులు వేస్తూ తిరిగేవాడు, ఊరి పక్కనే విల్లాలు లేచాక పని ఇంటి ముందుకే వచ్చిందని సంబరపడ్డాడు. కోడలు సుస్మిత గాజులరామారం పిల్ల. మనవరాలు శృతికి రెండేళ్ళు నిండాయి. వీళ్ళందరికీ వంట ఐలమ్మదే. ఇంకొకరు గరిట పట్టుకుంటే ఆమెకు ముద్ద దిగదు.

పొన్నగంటి మాత్రం ఆమె తన చేత్తో తనే కోసుకొస్తుంది. చెరువు అలుగు నీళ్ళు పోయే ఒర్రె ఒకటి ఊరి పక్కగా పారుతుంది. దాని గట్టున పొన్నగంటి ఎవరూ వేయకుండానే, ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరుగుతుంది. కొత్త కోడలుగా వచ్చిన ఏడు అత్త వెంట పోయి కోసింది, ఇప్పటికీ పొద్దు పొడవకముందే లేచి పోయి కోస్తుంది. పారే నీటికి అంటు లేదని ఆమె నమ్మకం. నిలిచిన నీళ్ళంటే మాత్రం ఆమడ దూరం.

కానీ ఇప్పుడా ఒర్రె పాత ఒర్రె కాదు. కింద, రోడ్డు వంతెన దగ్గర, కోళ్ళ దుకాణం వాళ్ళు ఈకలూ పేగులూ సంచుల్లో కట్టి పారేస్తారు, కుక్కలు ఆ సంచులు చింపి తోవ పొడుగునా ఈడుస్తాయి. కొంచెం పైన, ఆదివారం పూట చెరువు చూడ్డానికి కార్లలో వచ్చేవాళ్ళ సీసాలు, బిర్యానీ డబ్బాలు, పసిపిల్లలకు కట్టి విప్పిన డైపర్లు. ఇంకొంచెం పైన బర్రెలు. ఒక్కోదాన్ని చూసి 'థూ' అని ఉమ్మి, ఐలమ్మ మరికాస్త పైకి నడిచేది. అలా రోతపడుతూ, ముక్కు మూసుకుంటూ, పైపైకి జరిగి జరిగి, చివరికి విల్లాల ప్రహరీగోడ కిందికి చేరింది.

అక్కడ ఈక లేదు, సీసా లేదు, బర్రె లేదు. పశువులు రాకుండా వాచ్‌మన్ గాలయ్య కర్ర పట్టుకుని తిరుగుతాడు. తెల్లారగట్ల నీళ్ళు సన్నగా, అడుగు రాళ్ళు కనిపించేంత తేటగా పారుతుంటాయి. పొన్నగంటి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఈ ఎండాకాలం నుంచి అది అక్కడ విరగబడి పెరిగింది. ఊరి బోర్లన్నీ నోరు తెరిచిన రోజుల్లో కూడా ఆ గోడ కింద పచ్చగా బలిసి, గోడ మీదికి పాకింది. వేలంత లావు కాడలు, నిగనిగలాడే వెడల్పాటి ఆకులు. చూస్తేనే ఐలమ్మకు కడుపు నిండేది.

"నా పుట్టువల గిసుంటి కూర జూడలె," అని ఊరంతా చెప్పింది. ఎక్కడ కోసిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్తే వచ్చి వేర్లతో సహా పీక్కుపోరూ!

కోతలో ఆమెకో పద్ధతుంది. కొడవలి పెట్టదు. బొటనవేలి గోటితో లేత కొసలే గిల్లి, కొంగు ఒడిగా కట్టుకుని అందులో వేసుకుంటుంది. ఇంటికొచ్చి అరుగు మీద చాట ముందేసుకుని ముదురాకూ తెల్ల పూలూ ఏరేస్తుంది. ఆ తర్వాత ఉప్పు నీళ్ళు, పసుపు నీళ్ళు, మంచినీళ్ళు. పెసరపప్పు సగం ఉడికాక ఆకు వేసి, ఎల్లిపాయలు దంచి, ఎండుమిర్చితో పోపు పెట్టిందంటే ఆ ఘుమఘుమకు పక్కింటి తారాబాయి గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడేది. శృతి పాలు మానింది ఆ పప్పు ముద్దలతోనే. అవ్వ కూర ఏరుతుంటే పక్కన కూర్చుని, లేత కొసలు పచ్చివే నోట్లో పెట్టుకుని చప్పరించేది.

"జూడుండ్రి, దూడ లెక్క మేస్తాంది నా బంగారం," అని ఐలమ్మ మురిసిపోయేది.

ఒకసారి బాలేష్ అటుగా పోతూ ఆగాడు. "దాని నోట్ల వెట్టకే అమ్మా, పచ్చియి," అన్నాడు. అని, బండి స్టార్ట్ చేసుకుని పనికి పోయాడు.

బాలేష్ తను ఆ కూర ముట్టడం ఎండాకాలంలోనే మానేశాడు. "కిడ్నీల రాయి ఉన్నదన్నడు డాక్టరు. ఆకుకూర తినద్దన్నడు," అన్నాడు. పొన్నగంటి పప్పు లేని రోజు అన్నానికి రానని అలిగిన పిల్లవాడు వాడు! అయ్యో కొడుకా అనుకుని ఐలమ్మ వాడికి విడిగా కోడిగుడ్డు పొరటు చేసి పెట్టసాగింది.

వానాకాలం వచ్చినా వానలు పడని ఆ రోజుల్లో శృతికి జబ్బు చేసింది. వాంతులు, విరేచనాలు. పూట గడిచేసరికి పిల్ల తోటకూర కాడలా వాలిపోయింది, కళ్ళు గుంటలు పడ్డాయి. మేడ్చల్‌లో డాక్టరు సెలైన్ పెట్టి, "కడుపులోకి ఏదో మురికి పోయింది. ఏం తినిపిస్తున్నారో కాస్త చూసుకోండమ్మా," అన్నాడు. ఐలమ్మకు అనుమానమే లేదు. గాజులరామారం పోయినప్పుడల్లా అమ్మమ్మ గారు కొనిపెట్టే ఆ రంగు రంగుల ప్యాకెట్లు, ఆ ఐస్‌క్రీములు! నాలుగు నెలలుగా సుస్మితకు అప్పుడప్పుడూ కడుపులో మెలిపెడుతూ ఉంది, దానికి కారణం కూడా పుట్టింటి వీధిలో పానీపూరీ బండే అని ఐలమ్మ ఎప్పుడో తేల్చేసింది.

పిల్లను ఇంటికి తెచ్చిన రోజు, ఐలమ్మ పొన్నగంటి పప్పు ముద్ద మెత్తగా పిసికి నెయ్యి వేసి తెచ్చింది. సుస్మిత ఆ చేతికి అడ్డం వచ్చింది.

"వద్దత్తమ్మా. ఇగ నా బిడ్డకు మీ చేతి తిండి వద్దు."

"ఏమన్నవ్?"

"ఆ ఒర్రె కూర తినవట్టినకాన్నుంచే దీనికి గిట్లైతాంది. నాక్కూడ కడుపు నొప్పి తక్కువైతలేదు. మీరు ఏడకెల్లి తెస్తరో, ఏం రోతల తెంపుతరో..."

"నా కూరల రోతనా? నా కూరల?" ఐలమ్మ గొంతు చించుకుంది. "బండోడు చెయ్యి ముంచిన నీళ్ళు తాగొచ్చి, నా కూరకు పేరు వెడ్తవా?"

అరిచింది గానీ, వంటింట్లోకి పోయి ఆ ముద్దను చేతిలోనే పట్టుకుని చాలాసేపు నిలబడింది. పిల్ల ముద్ద కోసం 'అవ్వా' అని ఏడుస్తోంది. సుస్మిత బ్రెడ్డు పాలలో ముంచి పెడుతోంది. ఆ పిల్ల నోటికి తన చెయ్యి పోకూడదంటే ఆ ఇంట్లో ఇక తన బతుకెందుకు అనిపించింది ఐలమ్మకు. ఊరుకోలేకపోయింది.

"రేపు నువ్వు నా ఎంబడి రా. నీ కండ్లతోని జూడు. రోత ఉన్నదంటె ఇగ నేను పొయ్యికాడికి రాను. లేదంటె నా పిల్లను నాకు ఇడువు," అంది.

మర్నాడు బాలేష్ పనికి పోయి, వంటా వార్పూ అయి, శృతిని తారాబాయి ఒళ్ళో పడుకోబెట్టి బయల్దేరేసరికి ఎండెక్కింది. ఆ వేళప్పుడు ఐలమ్మ ఒర్రెకు ఎన్నడూ పోలేదు.

దారి పొడుగునా కోడలికి చూపించింది. "గిది జూడు, కోడి పేగులు. గిండ్ల కాలు వెడ్తనా నేను? గవి జూడు, సదువుకున్నోళ్ళ డబ్బాలు. థూ! గీడ తెంపుతనా?" సుస్మిత ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని వెనక నడిచింది. గోడ కిందికి చేరాక చున్నీ తీసింది. గాలి బాగానే ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. పొన్నగంటి కళ్ళకు చల్లగా ఉంది.

ఐలమ్మ చీర ఎగదోపుకుని పిక్కల లోతు నీళ్ళలోకి దిగింది. టప టప గిల్లుతూ ఒడి నింపుకుంది. "ఇగ జెప్పు. ఏడున్నది రోత?"

సుస్మిత చుట్టూ చూసింది. వంగి ఒక కొస తుంచి వాసన చూసింది. "మంచిగనే ఉన్నదత్తమ్మా," అంది చిన్నగా. "ఏమో, నేనే తప్పుగ అనుకున్ననేమో."

ఆ మాట కోసమే బతికున్నట్టు ఐలమ్మ మొహం విచ్చుకుంది.

అప్పుడు గోడ అవతల ఎక్కడో మోటారు మొదలైంది. పొన్నగంటి గుబురు లోపల ఏదో గుడగుడమంది. ఆకులు వణికాయి. ఆ పచ్చదనాన్ని చీల్చుకుని బూడిదరంగు నీళ్ళు భళ్ళున ఒర్రెలోకి దూకాయి. ఇన్నాళ్ళూ ఆకుల చాటున ఉన్న పైపు మూతి అప్పుడు కనిపించింది, మనిషి తల పట్టేంత మూతి. నీళ్ళ వెంట కంపు వచ్చింది. కోడి పేగుల కంపు దీని ముందు ఎందుకూ పనికిరాదు. తడిసిన కాగితాలు, వెంట్రుకల ఉండలు, మనుషుల మలం. అది పొన్నగంటి కాడలకు తట్టుకుని, కాస్త ఆగి, కాడల మధ్య తోవ చేసుకుని ముందుకు కదులుతోంది. ఇప్పుడే ఐలమ్మ కొసలు గిల్లిన కాడల మీదుగా పోతోంది. ఐలమ్మ పిక్కలకు వెచ్చగా తగిలింది.

ఆమె అరుపు లాంటిదేదో అరిచి గట్టెక్కింది. సుస్మిత అప్పటికే ఒక రాయి పట్టుకుని వంగి కక్కుతోంది.

గోడకున్న చిన్న తలుపు తెరుచుకుని గాలయ్య వచ్చాడు, చేతిలో పొడుగాటి ఇనుప చువ్వతో. ఇద్దరినీ చూసి గాభరా పడ్డాడు.

"వదినె, నువ్వా! గీ టైముకు దిగద్దె. లోపటోళ్ళ తానాలు, పనులు అన్నైనంక మోటరేస్తరు."

"గిదేంది గాలయ్యా? గిదేంది?"

"ఏం జెప్పాలె వదినె. గలీజు నీళ్ళు సాఫ్ జేసే మిషిని కరాబైంది. బాగు జేపిస్తె మస్తు ఖర్చని ఒర్రెలకే ఇడిసిండ్రు. ఎండకాలం కాన్నుంచి గిదే కథ. గీ చువ్వతోని పొడిసి పైపు మూతి సాఫ్ జేసుడు, గదే నా నౌకరి." చువ్వ గుబురులోకి దూర్చబోయి ఆగాడు. ఐలమ్మ ఒడి కేసి చూశాడు, ఒడిలో ఉన్నదాని కేసి చూశాడు. అతని మొహం మారింది. "గీడ కూర తెంపుతానవా నువ్వు? అయ్యో వదినె, మీ బాలేషే గదా పైపేసింది. నీకు జెప్పలేదా?"

ఐలమ్మ నెలలు లెక్కపెట్టుకుంది. కొడుకుకు రాయి వచ్చింది ఎండాకాలంలో. పైపు వచ్చింది ఎండాకాలంలో.

సుస్మిత మూతి తుడుచుకుని లేచింది. "ఏ డాక్టరంటె జెప్పలె. నేనొస్తనంటె వద్దన్నడు. గోలి ఒక్కటి ఏసుకోలె," అంది. "ఆయినెకు రాయి లేదత్తమ్మా."

ఇద్దరూ ఇంటికి నడిచారు. కోడలు ఇప్పుడు తనను ఎన్నైనా అనొచ్చు, ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఐలమ్మకు అనిపించింది. ఇంటికి రాగానే సున్నిపిండితో, సబ్బుతో, చివరికి పీచుతో కాళ్ళు తోముకుంది. తోలు ఎర్రబడి మండింది గానీ కంపు పోయినట్టు అనిపించలేదు. నాలుగు నెలలు! పొద్దున్నే తేటనీళ్ళు చూసి మురిసింది తను. ఆ కూరనే వండి, పిసికి, నెయ్యి వేసి, ఊది ఊది పిల్ల నోట్లో పెట్టింది. తలుచుకుంటే తన చేతులే తనకు రోతగా కనిపించాయి. ఒడిలో కూర మాత్రం పారేయలేదు. చాటలో పోసి, దాని మీద గంప బోర్లించింది.

పొద్దు గూకాక బాలేష్ వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చున్నాడు. ఐలమ్మ అన్నం పెట్టి, పక్కన పొన్నగంటి పప్పు వేసింది. గుడ్డు లేదు.

"గిదేందే? నాకు పడదని ఎర్కలేదా?"

"రాయి కరిగిందంట గద. విల్లాలకాడ గాలయ్య జెప్పిండు."

బాలేష్ చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. తలెత్తి భార్యను చూశాడు. నిద్రపోతున్న పిల్లను ఒళ్ళో వేసుకుని సుస్మిత గోడకు ఆనుకుని కూర్చుంది. చూపు తిప్పలేదు.

"జెప్తె నువ్వు ఊకుంటవా అమ్మా?" అన్నాడు చివరికి. "గేటు ముంగటికి పోయి లొల్లి జేస్తవు. చేతిల ఉన్న పని పోతది. ఎయ్యుమన్నరు, ఏసిన. నేను గాకుంటె ఇంకోడు ఏస్తుండె."

"పైపు సంగతి అడుగుతలె నేను."

"ఒర్రె నీళ్ళల్ల కల్సిపోతది గదా అనుకున్న. నువ్వు మంచిగ కడుగుతవాయె. ఉప్పేసి, పసుపేసి... ఏంగాదు తియ్యనుకున్న."

"గిది గూడ గట్లనే కడిగిన. ఉప్పేసిన, పసుపేసిన. తిను."

బాలేష్ తల వంచుకుని అన్నంలో పప్పు కలిపాడు. ముద్ద ఎత్తాడు. ముద్ద నోటి దాకా వచ్చింది, పెదవులు మాత్రం విడలేదు. చెయ్యి దించాడు. ముద్ద కంచంలో పడింది. ఐలమ్మ ఆపుతుందని వాడు అనుకున్నాడో ఏమో. ఆమె ఆపలేదు.

"నీ తోని అయితలేదు," అంది. "నువ్వు మొగోనివి, నీ తోని అయితలేదు. పాలు మరిసిన పిల్ల నా పక్కపొంటి గూసోని పచ్చిది నమిలింది. జూసుకుంటనే బండెక్కి పోయినవు."

"నోట్ల వెట్టకని జెప్పిన గదనే!"

ఆ మాటకు సుస్మిత నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు అది. పిల్లను భుజాన వేసుకుని లోపలికి పోయి, తలుపు దగ్గరికి వేసుకుంది.

"తెల్లారి నేను గేటు ముంగటికే పోత," అంది ఐలమ్మ. "ఊరి ఆడోళ్ళనందర్ని తోల్కపోత. ఏసిందెవలంటె నా కొడుకే అని జెప్త."

"అమ్మా, నీ కాల్మొక్కుత. పని పోతదే. ఇంకెక్కడ దొరుకుతది నాకు?"

పిల్ల ఎట్లా ఉందని అడుగుతాడేమోనని ఐలమ్మ చూసింది. సెలైన్ సూది గుచ్చిన చోట ఆ చిన్న చెయ్యి ఇంకా వాచే ఉంది. లోపలికి పోయి ఒక్కసారి చూస్తాడేమోనని కూడా చూసింది. వాడు పని గురించే ఇంకాసేపు మాట్లాడాడు. మేస్త్రీ మంచివాడన్నాడు, వచ్చే నెల ఇంకో వరుస ఇళ్ళు మొదలవుతాయన్నాడు, వానలు పడితే అంతా కొట్టుకుపోతుందన్నాడు. తర్వాత చెంబు వంచి, కలిపిన అన్నం మీదే చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే కంచాన్ని తల్లి వైపు జరిపాడు.

ఐలమ్మ చెయ్యి చాపింది. కంచం అంచుకు వేళ్ళు తగలకముందే వెనక్కి తీసుకుని, కొంగుతో తుడుచుకుంది.

"తియ్యవా?" అన్నాడు బాలేష్.

"నీ చిన్నప్పుడు గీ చేతులతోనే నీ పియ్యి ఎత్తిపోసిన బిడ్డా. ఒక్కనాడు రోత అనిపియ్యలె," అంది ఐలమ్మ. "ఇయ్యాల నీ కంచం ముట్టుకుందమంటె రోతైతాంది. నువ్వే తీస్కపో."